గ్రీకు బయ్యర్ ముందు తల ఊపడం మానకండి

తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో ఇప్పుడు మర్యాదలు నేర్పే క్లాసులు పెట్టిస్తున్నారు. తల అటూఇటూ ఊపొద్దు, గొంతు పెంచొద్దు, బయ్యర్‌ని ఇంటి సంగతులు అడగొద్దు, ఏదున్నా మెయిల్లోనే రాయి అని మర్చండైజర్ పిల్లలకు చెబుతున్నారు. జర్మనీ నుంచి వచ్చేవారికి ఈ పాఠం సరిపోతుందేమో. ఏథెన్స్ నుంచో థెస్సలోనికీ నుంచో వచ్చినవారి ముందు ఇదే ఒప్పజెబితే ఆర్డర్ చేజారుతుంది. గ్రీకువాళ్ల విషయంలో నేను చెప్పేది ఒక్కటే: వియ్యాలవారు ఇంటికొస్తే ఎలా ఉంటామో అలా ఉండండి. కన్సల్టెంట్లు తప్పంటారు. అననివ్వండి.

ముందు తల సంగతి. గ్రీకు మనిషి అవునన్నప్పుడు తలను కాస్త పక్కకు వంచి కిందికి దించుతాడు. కాదన్నప్పుడు గడ్డం పైకెత్తి, కనుబొమ్మలు ఎగరేసి, నాలుకతో ‘చ్’ అంటాడు. వంటింట్లో ఉన్న పెద్దమ్మను ‘పాలు మిగిలాయా?’ అని అడిగి చూడండి, లేవని చెప్పడం అచ్చం ఇలాగే ఉంటుంది. లండన్ బయ్యర్‌కు అయోమయంగా తోచే మన తల ఊపుడు గ్రీకు బయ్యర్‌కు ఇట్టే అందుతుంది. దాన్ని మాన్పించడానికి డబ్బు పోయడం దండగ.

అదుపులో పెట్టుకోవాల్సింది చేతిని. అయిదు వేళ్లూ విప్పి అరచేతిని ఎదుటివారి ముఖం మీదికి చూపడం గ్రీసులో పచ్చి తిట్టు. మూంజా అంటారు దాన్ని. మన శాంపిల్ రూములో ఆ చెయ్యి ఎన్నిసార్లు లేస్తుందో గమనించండి. ‘అయిదు కలర్లు సార్’ అంటూ లేస్తుంది. ఫోన్ మోగితే ‘ఒక్క నిమిషం’ అంటూ లేస్తుంది. కాఫీ ఇంకాస్త పోయబోతే ‘చాలు చాలు’ అంటూ లేస్తుంది. మనకు అది అభయహస్తం, ఆయనకు ముఖాన ఉమ్మినట్టు. అయిదు చూపాలంటే అరచేతిని మీవైపు తిప్పుకోండి. గేటు దగ్గర కారు ఆపే వాచ్‌మన్‌కూ ఇది చెప్పండి, అందరం మరిచిపోయేది అతన్నే.

మొదటి రోజు ధర మాట్లాడకండి. జీఎస్ఎం, నూలు కౌంటు, డెలివరీ తేదీ కూడా వద్దు. కంపెనీ చూపించడానికి ముందే ఆయన్ని కొడుమణల్‌కు తీసుకెళ్లండి. తిరుప్పూరు మధ్యనుంచి పారే నొయ్యల్ ఒడ్డునే ఉంది ఆ ఊరు. అక్కడి తవ్వకాల్లో రాతి పూసలు చేసిన ఆనవాళ్లు బయటపడ్డాయి. కాంగేయం దగ్గరి పడియూరులో బెరిల్ రాయి దొరికేది. యవనుల ఓడలు పడమటి తీరానికి వచ్చిన కాలంలో కొంగునాడు రాళ్లు సముద్రం దాటాయి, రోమన్ నాణేలు ఇక్కడికి చేరాయి. ఒకటో శతాబ్దంలో ఎవరో గ్రీకు భాషలో రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’లో మసాలియా అనే ప్రాంతం, అక్కడ నేసే నూలు బట్టలు కనిపిస్తాయి. ఆ మసాలియా మన మచిలీపట్నం సీమే. తెలుగు నేల వదిలి కోయంబత్తూరు వైపు వచ్చి స్థిరపడిన నాయుళ్ల, దేవాంగుల మనవలుగా ఈ మాట ఆయనతో చెప్పే హక్కు మనకుంది. సగం రోజు పోతుందని మేనేజరు గొణుగుతాడు. పోనివ్వండి. 1978లో వెరోనా అనే ఇటలీ వ్యాపారి టీషర్టుల కోసం బొంబాయి వచ్చి, అవి కుట్టే ఊరిని వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. తిరుప్పూరు ఎగుమతికి పునాది వేసింది అలా కాళ్లకు పనిచెప్పి వచ్చిన మనుషులే.

గొంతు పెంచండి. ల్యాబ్ డిప్ షేడు తేడా వస్తే ఆయన బల్ల గుద్ది అరుస్తాడు. అది కోపం కాదు, మాట్లాడే తీరు. ‘చెక్ చేసి చెబుతాం సార్’ అని తల దించుకున్న కుర్రాడిని ఆయన నమ్మడు, ఏదో దాస్తున్నాడనుకుంటాడు. ‘మీరు ఒప్పుకున్న షేడు ఇదే, సంతకం చూడండి’ అని అదే స్వరంలో తిరిగి చెప్పండి. ఆ వెంటనే భోజనానికి లేవండి. టైలర్ల ముందు మాత్రం ఈ వాదన పెట్టుకోకండి, పరువు ఆయనకూ ఉంటుంది, మీకూ ఉంటుంది.

బయ్యర్ వస్తున్నాడని గేటుకు కట్టిన దిష్టి గుమ్మడికాయను తీయించేస్తున్నారు. తీయకండి. వాళ్లూ దిష్టికి భయపడేవాళ్లే. నీలి కన్ను పూస కడతారు, పిల్లల్ని పొగిడితే మూడుసార్లు ‘ఫ్తూ’ అంటారు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడం మనలాగే వాళ్లకూ ఉంది. కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిన 1453 మే 29 మంగళవారమే. 13వ తేదీ మంగళవారం పడితే మరీ కీడు. కాబట్టి మొదటి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ బుధవారం పంపండి. ఒక్క రోజులో నూలు ధర పెరిగితే పెరగనివ్వండి.

క్యాలెండర్ వాళ్లది వేలాడదీయండి. గ్రీకు ఈస్టర్ చాలా ఏళ్లు పడమటి ఈస్టర్‌తో కలవదు. 2024లో పడమటిది మార్చి 31న వస్తే వాళ్లది మే 5న వచ్చింది. 2025లో రెండూ ఏప్రిల్ 20నే. దీవుల్లో టూరిస్టులకు అమ్మే టీషర్టులు ఈస్టర్ నాటికి అంగళ్లలో ఉండాలి. ఈస్టర్ ముందరి ఉపవాస దినాల్లో ఆయన్ని పిలవండి. నిష్ఠ ఉన్నవారు మాంసం, చేప, గుడ్డు, పాలు ముట్టరు. మన ఇడ్లీ, సాంబారు, కూరలు వాళ్లకు పండగ. నెయ్యి, పెరుగు పక్కన పెట్టమని వంటవారికి చెబితే చాలు. ఆగస్టు 15 మరియమ్మ పండుగ, అప్పటికి ఏథెన్స్ ఖాళీ. ఆ నెలంతా గుర్తుచేసే మెయిళ్లు వద్దు.

పుట్టినరోజు కంటే ఆ పేరున్న సాధువు పండుగ వాళ్లకు ముఖ్యం. దిమిత్రిస్ అయితే అక్టోబరు 26, నికోస్ అయితే డిసెంబరు 6, యానిస్ అయితే జనవరి 7, కాన్‌స్టాంటినోస్, ఎలేనీ అయితే మే 21. ఆ రోజు ఫోన్ చేయండి, సరుకు ఊసెత్తకండి.

ఇక డబ్బు. రెండో ఆర్డర్ నుంచి ఎల్సీ అడగకండి, మనిషిని నమ్మనట్టు ఉంటుంది. 2015 జూన్ చివర గ్రీసులో బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే తీయనిచ్చారు, బయటి దేశాలకు డబ్బు పంపాలంటే అనుమతి కావాల్సి వచ్చింది. ఆ ఆంక్షలు పూర్తిగా పోయింది 2019 సెప్టెంబరులో. చేతిలో డబ్బుండీ పంపలేని బయ్యర్‌కు అప్పుడు లాయర్ నోటీసు ఇవ్వడం పాపం. ‘ఇంట్లో అందరూ బాగున్నారా’ అని అడగడమే సరైన పని. మీ భద్రత మీరు ఈసీజీసీ దగ్గర చూసుకోండి. ఆ బయ్యర్ మీద క్రెడిట్ లిమిట్ ముందే తీసుకోండి, ఆయనకు చెప్పనక్కర్లేదు. లిమిట్‌కు మించిన ఆర్డర్ వస్తే సరుకును రెండుగా విడగొట్టి, మొదటిదాని డబ్బు అకౌంటులో పడ్డాకే రెండోదాన్ని తూత్తుకుడి పంపండి.