నాంపల్లిలో దిగి, అబిడ్స్‌లో ఇంగ్లీషు మాట్లాడటం ఎలా?

నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగేదాకా మీకు ఇంగ్లీషు బాగానే వచ్చు. డిగ్రీ చదివారు, ఇంగ్లీషు పేపరు తిరగేస్తారు, కరెంటు బిల్లు వెనక ఉన్న నిబంధనలు కూడా అర్థమవుతాయి. అక్కడినుంచి అబిడ్స్‌కు నడిచి, ఏదో ఆఫీసు అద్దాల తలుపు తోసి, టై కట్టుకున్న మనిషి ముందు నిలబడతారు. ఆయన ‘యెస్?’ అంటాడు. అంతే, నాలుక పిడచకట్టుకుపోతుంది. ఈ జబ్బుకు ఇరవై ఏళ్ళుగా నేను వాడుతున్న మందులు ఇవి.

ఒకటి: పుస్తకం కొనండి. ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకప్పుడు కపిల్‌దేవ్ ప్రచారం చేసిపెట్టిన, ఇంగ్లీషు నేర్పే రాపిడెక్స్ అక్కడ దొరుకుతుంది. పేజీలు తిప్పి చూడండి. మొదటి పాఠాల్లో మాట మాటకీ పెన్సిల్ గీత, మార్జిన్‌లో తెలుగు అర్థం. నాలుగు పాఠాలు దాటాక గీతలు పలచబడతాయి. ఆ తర్వాత కాగితం కొత్త పెళ్ళికూతురి చీరలా నలగకుండా ఉంటుంది. మీరూ అక్కడే ఆగుతారు కాబట్టి సగం ధరకే బేరమాడండి.

రెండు: ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో అల్లి, తర్వాత ఇంగ్లీషులోకి దించండి. ‘నాకు జ్వరం వచ్చింది’ అనుకోండి. ‘నాకు’ అంటే ‘టు మీ’. జ్వరం వచ్చింది కాబట్టి ‘కేమ్’. కానీ ఇంగ్లీషువాడికి జ్వరం రాదట, అతని దగ్గర ఉంటుందట. అది ‘హ్యావ్’ అవుతుందా, ‘హ్యాడ్’ అవుతుందా? ఇంటికెళ్ళి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో చూసుకుని రండి. ఈలోపు జ్వరం తగ్గుతుంది, సెలవు చీటీ అక్కర్లేదు.

మూడు: జవాబులు బట్టీ పట్టండి. నా మొదటి ఇంటర్వ్యూకి ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ కోసం పన్నెండు వాక్యాలు కంఠతా పట్టి వెళ్ళాను. లోపలికి పిలిచిన పెద్దాయన నా మొహం చూసి, ఆప్యాయంగా భోంచేశావా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను మా నాన్నగారి పేరు, ఆయన ఉద్యోగం, మా ఊరి విశేషాలు చెప్పాను.

నాలుగు: నోరు తెరిచేముందు పక్కన మనవాళ్ళెవరైనా ఉన్నారేమో చూసుకోండి. విదేశీయుడైతే పర్వాలేదు. అతనికి చార్మినార్‌కు దారి కావాలి, మీకు మార్కులు వేసే తీరిక అతనికి లేదు. మార్కులు వేసేది మన బావమరిది. ‘డిడ్ నాట్ వెంట్ కాదు బావా, డిడ్ నాట్ గో’ అంటాడు. ఊరుకుంటాడా? వచ్చే పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర దాన్నే మళ్ళీ వడ్డిస్తాడు.

ఐదు: నుమాయిష్‌కు వెళ్ళకండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారిన ఈ మేళా మీ భయానికి చాలా ప్రమాదకరం. అక్కడ మీరు కశ్మీరీ శాలువాల స్టాల్ ముందు నిలబడి ‘హమారా బీవీ పూఛ్‌తా, కిత్నా?’ అని గొంతెత్తి అడుగుతారు. భార్యను పుంలింగం చేసినందుకు ఆవిడకూ కోపం రాదు, మీకూ సిగ్గు వేయదు. శాలువా అమ్మేవాడికీ హిందీ అమ్మభాష కాదు. అయినా బేరం తెగుతుంది. హిందీకి లేని భయం ఇంగ్లీషుకే ఎందుకన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. అది పుట్టనివ్వకండి.

ఆరు: మాటల పుట్టుపూర్వోత్తరాల జోలికి పోకండి. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయనకు ఇక్కడ దుకాణం ఉండేది. ఆయన పేరు చివర ఇంగ్లీషువాడి షష్ఠీ విభక్తి ‘స్’ చేరింది. దుకాణం పోయినా ‘స్’ మిగిలింది. దానికి మనం ‘లో’ తగిలించి ‘అబిడ్స్‌లో’ అంటూ తిరుగుతున్నాం. ఇంగ్లీషువాడు మాత్రం తక్కువ తిన్నాడా? మన పందికొక్కు నోరు తిరగక ‘బ్యాండికూట్’ చేశాడు. అది చాలక, ఎలుక జాతికి సంబంధమే లేని ఆస్ట్రేలియా జంతువుకూ ఆ పేరే పెట్టాడు. అందుకు వాడెప్పుడూ తలదించుకున్న దాఖలా లేదు. ఇవన్నీ తెలిస్తే భయం నిలవదు.

ఈ ఆరు మందులూ నేను క్రమం తప్పకుండా వాడాను. నా భయం నాకంటే ఆరోగ్యంగా ఉంది. వాడనిది ఒక్కటే మిగిలింది: పక్కవాడు ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్నప్పుడు నవ్వకుండా, ఎక్కడికి వెళ్ళలేదో అడగడం. అది మీతోనే మొదలుపెట్టండి.