దొరగారి స్టవ్వు

పాత ఇత్తడి వస్తువు కనబడితే నా బుర్రలో ముందు కథ పుడుతుంది, దాని సంగతి తర్వాత కనుక్కుంటాను. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారు దగ్గర పాతసామాన్ల కొట్లో దొరికిన మూడుకాళ్ల స్టవ్వు విషయంలోనూ అంతే. అడుగున గుండ్రటి ట్యాంకు, పక్కన పంపు, బర్నర్ కింద దొన్నెలాంటి చిన్న గిన్నె, ట్యాంకు మీద సగం అరిగిన ‘స్వీడన్’ అన్న అక్షరాలు. ఇప్పుడు నేతాజీ పేరున్న రాస్ దీవి 1941 భూకంపం దాకా ఇంగ్లీషు దొరల పాలనా కేంద్రం. ఇది అక్కడి ఏ దొర వంటింటిదో అని నిశ్చయించేశాను. గిన్నెలో స్పిరిట్ పోస్తారని కొట్టువాడు చెప్పాడు. విహార పడవల్లో స్పిరిట్ స్టవ్వులు వాడతారని ఎక్కడో చదివాను. స్పిరిట్ నీళ్లలో కలిసిపోతుంది కనుక దాని మంట నీళ్లకే ఆరుతుందట. ఇంకేం, ఇది స్పిరిట్‌తో వండే స్టవ్వే!

బాగుచేయడం మాత్రం శ్రద్ధగా చేశాను. ఉప్పుగాలికి పట్టిన చిలుమంతా చింతపండుతో వదలగొట్టాను. పంపు లోపలి తోలు వాషర్ ఎండి ముడుచుకుపోతే, పాత చెప్పులోంచి గుండ్రంగా కోసి, కొబ్బరినూనెలో నానబెట్టి ఎక్కించాను. నిపుల్‌లో పిన్ను దూర్చి మసి తీశాను. పడాక్ కర్ర బల్లలకు లక్క పాలిష్ వేసే వడ్రంగిని బతిమాలి సీసాడు స్పిరిట్ తెచ్చి ట్యాంకులో పోశాను.

మిట్టమధ్యాహ్నం, వరండాలో గిన్నె ముట్టించి పంపు కొట్టాను. మంట కాసేపు ఎగిరెగిరి ఆరిపోయినట్టే ఉంది. పగటి వెలుగులో స్పిరిట్ మంట కంటికి సరిగా ఆనదన్న సంగతి, పిన్ను పట్టుకుని వంగాక నా కుడి కనుబొమ్మ చెప్పింది. చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే ఆరింది. నా పరిశోధన మొత్తంలో నిజమని తేలింది అదొక్కటే.

కమురు వాసనకి పక్కింటి మామ్మ వచ్చింది. పెళ్లయ్యాక సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మనిషి.

“ఓలమ్మో! టేంకులో ఇస్పిరిట్టు పోసీసినావేటి బాబూ? ఇది కిరసనాయిలు స్టవ్వు. ఇలాటిదాని మీదే కదేటి మా నలుగురు పిల్లలూ పెరిగినారు!”

1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన రూపొందించిన ప్రైమస్ పద్ధతి ఇది. అముండ్‌సెన్ 1911లో దక్షిణ ధ్రువానికి వెళ్లినప్పుడూ ప్రైమస్ స్టవ్వే తీసుకెళ్లాడు. వత్తి ఉండదు. గిన్నెలో చెంచాడు స్పిరిట్ కాల్చేది బర్నర్ వేడెక్కడానికే. ఆ తర్వాత పంపు గాలికి పైకెక్కిన కిరసనాయిలు అక్కడ ఆవిరై, నిపుల్ లోంచి చిమ్మి, నీలంగా మండుతుంది. కిలో కిరసనాయిలు ఇచ్చే వేడిలో కిలో స్పిరిట్ ఇచ్చేది మూడింట రెండు వంతులు కూడా ఉండదు. కిరసనాయిలుకు సరిపడా పెట్టిన రంధ్రంలోంచి అది మంటను నిలబెట్టలేదు.

అసలు సిగ్గుచేటు ఇంకొకటుంది. గ్యాసు రాకముందు మా ఇంట్లో అమ్మ వండింది ఇలాంటి స్టవ్వు మీదే. పిన్నుల కోసం కొట్టుకి పరిగెత్తింది నేనే. అంటే, ఇత్తడి మెరిసి, మీద స్వీడన్ అని కనబడేసరికి, మా వంటింటి స్టవ్వునే దొరగారికి అప్పజెప్పేశానన్నమాట.

మీ అటక మీద ఇలాంటిదుంటే తోమండి, వాషర్ మార్చండి. స్పిరిట్ మాత్రం గిన్నెలోకే. ట్యాంకులో పోసేది కిరసనాయిలు, అదీ ముప్పావు వంతు మించకుండా.