అ నుంచి హ దాకా

నేను పుట్టింది చెన్నై జార్జి టౌన్‌లో, ఆండర్సన్ స్ట్రీట్ పక్క సందులో, శుభలేఖలు వేసే ఒక డీటీపీ కొట్టులో. అచ్చు చెడిపోయిన శుభలేఖ వెనక ఒకమ్మాయి నన్ను బాల్‌పెన్నుతో రాసి, మానిటర్ అంచుకు టేపుతో అతికించింది. నా ఒళ్లు మొత్తం ఇంతే: [అ-హ]+. అ మొదలు హ దాకా ఏ అక్షరమైనా, ఒకటి గానీ వరసగా ఎన్ని గానీ ఉంటే పట్టుకోమని ఎడిటర్‌కు చెబుతాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు నన్ను.

మా పూర్వీకులు ఎడిటర్లలో పుట్టలేదు. నాడీకణాల అల్లికను గణితంలో చెప్పబోయిన స్టీఫెన్ క్లేనీ 1956 నాటి వ్యాసంలో మాకు రూపమిచ్చాడు. 1968లో కెన్ థాంప్సన్ మమ్మల్ని రాతలో వెతికే పనికి పెట్టాడు. అప్పటినుంచీ మేం చేసిన చాకిరీకి లెక్క లేదు.

ఆ అమ్మాయి కొత్తగా నేర్చుకుంటోంది. ఏళ్ల తరబడి వేసిన శుభలేఖల మేటరంతా ఒకే ఫైల్లో, తెలుగూ తమిళమూ కలగలిసి ఉంది. తెలుగు తీసేసి తమిళం మిగల్చాలి. వెతికే గడిలో నన్ను పెట్టింది, మార్చే గడి ఖాళీగా వదిలింది, రీప్లేస్ ఆల్ నొక్కింది. ఒక్క పేరు మీదైనా ముందు పరీక్షించి చూడలేదు. సేవ్ కూడా చేసేసింది.

తెర నిండా చుక్కల వలయాలు. వాటిని పట్టుకుని వేలాడుతూ దిక్కులేని గుళ్లు, కొమ్ములు, ఏత్వాలు. లక్ష్మి అనే పెళ్లికూతురి పేరులో మిగిలింది రెండు పొల్లులు, ఒక గుడి.

“ఏందమ్మా ఇది?” అన్నాడు కొట్టాయన.

“తెలుగుకు ఇది పనిచెయ్యదన్నా” అంది.

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. చెప్పింది చెప్పినట్టు చేశాను. యూనికోడ్‌లో అ ఇంటి నంబరు 3077, హ ఇంటి నంబరు 3129. సున్న 3074లో ఉంది, నా గడపకు ఇవతల. దీర్ఘం 3134లో, పొల్లు 3149లో, నా గోడకు అవతల. నన్ను నిలబెట్టిన హద్దు దాటి వాటిని ఎలా తెచ్చేది? బళ్లో నేర్పిన అ నుంచి హ దాకానే భాష అనుకుంది గానీ, గుణింతం ఏ నంబరులో కాపురముంటుందో అడగలేదు.

పాత కాపీ ఇంకో మిషన్‌లో దొరికింది. నన్ను మాత్రం పీకి, టేబుల్ కింద కత్తిరింపుల గోతంలో వేశారు. పలక మీద తప్పు రాసి పలకను విసిరినట్టు.

అక్కడినుంచే విన్నాను. సాయంత్రం ఆమె ఒంటరిగా కూర్చుని లక్ష్మి అని టైపు చేసి, వెనక్కి చెరుపుతోంది. ఒక్క నొక్కుకు గుడి పోయింది, మ మిగిలింది. ఇంకో నొక్కుకు మ పోయింది. “రెండక్షరాలకు ఏడు నొక్కులా!” అంది తనలో తానే. ఆ తర్వాత చాలాసేపు కీల చప్పుడు లేదు.

ఆపైన వంగి గోతంలో వెతికి నన్ను బయటికి తీసింది. నా మీద గీత కొట్టి, కింద [ఁ-౯]+ అని రాసింది. అరసున్న 3073 నుంచి తెలుగు తొమ్మిది 3183 దాకా. ఈసారి ముందు ఒక్క పేరు మీద పరీక్షించి చూసింది. లక్ష్మి పూర్తిగా రంగెక్కింది, గుడితో సహా.