చట్రాల మామ

మామ పెరట్లో ఉన్నవి రెండే తేనెటీగల పెట్టెలు. మాటలు వింటే మాత్రం వేములవాడ నుంచి కోరుట్ల దాకా ఎగిరే ఈగలన్నీ ఆయన కిందే పనిచేస్తున్నాయనుకుంటాం. రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకుని చుట్టాలు ఇంటికొస్తే, అన్నం కంటే ముందు చట్రాలు చూడాల్సిందే.

మామకు తేనె మీద అంత యావ లేదు. తెట్టె వంకర పోవద్దు, అంతే. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపి నడిపి, పోగు పక్కకు జరిగితే నిద్రపట్టని జబ్బు తెచ్చుకున్నాడు.

"చట్రానికీ చట్రానికీ నడుమ ఈగ తిరిగే జాగ 6 మిల్లీమీటర్లకు తగ్గద్దు, 9 దాటద్దు. దాటిందా, అడ్డం తెట్టె గడ్తయి. లాంగ్‌స్ట్రాత్ 1852లనే ఈ కొలత మీద పెట్టెకు పేటెంటు తీసుకున్నడు" అంటాడు, అమెరికా లాంగ్‌స్ట్రాత్ తన సొంత బావమరిదైనట్టు. అంటూనే చట్రం పైకెత్తుతాడు. పై పట్టీకి తానే అతికించిన మైనపు చీలిక, దాన్ని పట్టుకుని కిందికి దిగిన కొత్త తెట్టె, తెల్లగా. ఎవరైనా చెయ్యి చాపితే గుండె ఆగినంత పని. "అడ్డం వంచకు! ఎండకు మైనం మెత్తబడ్డది, ఊడి పడ్తది!"

సద్దుల బతుకమ్మకు మామ కోరుట్లలో బిడ్డ ఇంటికి పోయాడు. ఇక్కడ సత్తుపిండి వేయించే పొయ్యికి ఇటుక తక్కువపడి, అత్త పెట్టె కాలు కింది ఇటుక గుంజుకుంది. మామ తిరిగొచ్చి మూత తీస్తే, ఖాళీగా పెట్టిపోయిన చట్రంలో మొదలైన తెట్టె అడుగుకొచ్చేసరికి పక్క చట్రంలోకి దూరి ఉంది.

"ఈగలకు లెక్క తప్పింది!"

"ఈగలు నిలువుగనే గట్టినయి. నీ పెట్టెనే పక్కకు ఒరిగింది" అంది అత్త, పొయ్యి దగ్గర్నుంచే.

నిజమే. ఈగలు ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి, నేల పిలిచిన వైపే కడతాయి. చట్రం ఎటు వంగిందో వాటికి పట్టదు. కానీ ఈ మాట అత్త నోట రావడమే మామకు మింగుడు పడలేదు. రసమట్టం పెట్టి పెట్టెను సరిచేశాడు. వంకర తెట్టె కోసి, చట్రంలో నిలబెట్టి, నూలుపోగుతో సాంచాల ముడి వేసి కట్టాడు.

కొన్నాళ్లకు ఈగలు తెట్టెను చట్రానికి అతికించేసుకుని, పనైపోయిన నూలును కొరికి గడప బయట పారేశాయి. మామ ఆ తెగిన పోగులన్నీ ఏరి, వెలుగులో పట్టి చూశాడు.

"నాసిరకం నూలిచ్చిండు దొంగముండకొడుకు!"