తొందరున్నవాళ్లకు వేక్‌బోర్డింగ్

వేక్‌బోర్డింగ్ గురించి అన్నీ తెలిసినవాళ్లు డల్లాస్ శివార్లలో చాలామందే ఉన్నారు. బోర్డు మీద నిలబడగలిగినవాళ్లు మాత్రం తక్కువ. ఎండలు ముదిరాక ఓ శనివారం పొద్దున లూయిస్‌విల్ లేక్ ఒడ్డుకు వెళ్తే ఈ తేడా కళ్లారా చూడొచ్చు. ఫ్రిస్కో నుంచి, ప్లేనో నుంచి మూడు నాలుగు కుటుంబాలు కలిసి బోటు అద్దెకు తీసుకుంటాయి. పులిహోర డబ్బాలు, పెరుగన్నం, ఐస్ పెట్టె, పిల్లలు, పిల్లల లైఫ్ జాకెట్లు అన్నీ ఎక్కాక చివర్లో ఓ బోర్డు ఎక్కుతుంది. సాయంత్రానికి ఆ బోర్డు మీద నిలబడ్డ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో ఉండాలి. ఆ ఒక్క కోరిక నుంచే ఈ కింది సూచనలన్నీ పుట్టాయి. వీటిని తు.చ. తప్పకుండా పాటించినవారు ఎన్ని వేసవులు గడిచినా కొత్తవాళ్లుగానే ఉండిపోగలరు.

తెలియనివారి కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో. ముందు మోటారు బోటు, దాని వెనక తాడు, తాడు చివర హ్యాండిల్, ఆ హ్యాండిల్ పట్టుకుని రెండు కాళ్లూ ఒకే బోర్డుకు బిగించుకున్న మనిషి. బోటు వెనక రెండు పక్కలా అలలు లేస్తాయి. ఆట వచ్చినవాళ్లు ఆ అలల మీంచి గాల్లోకి ఎగురుతారు. రానివాళ్లు నీళ్లు మింగుతారు.

మొదటి సూచన: ముందు సామాను కొనాలి. ఈత రాకపోయినా ఫర్వాలేదు గానీ బోర్డు మాత్రం సొంతదై ఉండాలి. బోర్డు పొడవు మనిషి బరువును బట్టి ఉంటుంది కాబట్టి కొట్టువాడు అడిగితే పెళ్లినాటి బరువు చెప్పాలి. అప్పుడు పొట్టి బోర్డు వస్తుంది. అది ఇప్పటి బరువును పైకి తేవడానికి మొరాయిస్తుంది. కాస్త పొడుగు బోర్డయితే కొత్తవాళ్లు తేలిగ్గా లేస్తారని అద్దెకిచ్చేవాళ్లు చెప్తూనే ఉంటారు, వాళ్ల మాట వినిపించుకోకూడదు. బైండింగుల్లోకి కాళ్లు దూరకపోతే కాస్త సబ్బునీళ్లు పోసుకుంటే సరిపోతుంది. అలా కాకుండా బోటంతా ఊగేలా కుస్తీ పట్టాలి. నీళ్లలోకి దిగేముందే సగం ఓపిక ఖర్చవుతుంది.

రెండోది, వీడియోలు చూడాలి. ముఖ్యంగా గాల్లో పల్టీలు కొట్టేవి.

మూడోది, ఏ కాలు ముందుండాలో పంతంగా నిర్ణయించుకోవాలి. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. వెనక నుంచి ఎవరైనా చెప్పకుండా తోసినప్పుడు తమాయించుకోవడానికి ఏ కాలు ముందుకు పడుతుందో చాలామందికి అదే ముందుకాలు. ఈ పని అప్పగిస్తే బావమరదులు ఎంత ఉత్సాహం చూపిస్తారో చెప్పక్కర్లేదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. బోటు కదిలీ కదలగానే లేచి నిలబడిపోవాలి.

పద్ధతి ప్రకారమైతే జరగాల్సింది వేరు. లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో వెల్లకిలా తేలుతూ, మోకాళ్లు రొమ్ముకు ఆనించుకుని, చేతులు చాచి హ్యాండిల్ పట్టుకోవాలి. బోర్డు తాడుకు అడ్డంగా ఉంటుంది. దాని పైఅంచు మాత్రమే నీళ్లలోంచి కనపడుతుంది. వదులుగా తేలుతున్న తాడు మెల్లగా బిగుసుకుంటుంది, దాని మీంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలతాయి. బోటు వేగం అందుకుంటుంది. ఎదురునీళ్లు బోర్డును నెడితే మడమలు పిరుదుల దగ్గరికొస్తాయి. మనిషి ఇంకా గొంతుక్కూర్చునే ఉండాలి, అరుగు మీద చుట్ట కాల్చుకునే తాతలా తీరిగ్గా. బోర్డు నీటిని తోసుకుంటూ పోవడం మానేసి నీటి మీదికెక్కి జారడం మొదలుపెట్టాక దాని మొన బోటు వైపు తిరుగుతుంది. లేవడమంటే అప్పుడు. ఈలోపు చేయాల్సిన పనేమీ లేదు.

ఆ ఏమీ చేయకపోవడమే చాలామందికి చేతకాదు. తాడు బిగియగానే మోచేతులు మడిచి హ్యాండిల్‌ను రొమ్ము దగ్గరికి లాక్కుంటారు. ఆ లాగుడుకు తాడు ఒక్క క్షణం వదులవుతుంది, మరుక్షణం మళ్లీ బిగుసుకుని మనిషిని బోర్లా పడేస్తుంది. కొందరు బోర్డు ఇంకా నీళ్లలో ఉండగానే కాళ్లు బారచాపుతారు. అప్పుడు నీళ్ల ఒత్తిడంతా ఆ కాళ్ల మీద పడి హ్యాండిల్ చేతుల్లోంచి ఊడిపోతుంది. బోటులోంచి కేకలు మొదలవుతాయి.

“లాగకు బావా! లాగొద్దు!”

“లాగకపోతే ఎట్లా లేస్తార్రా?”

బావగారి ప్రశ్నను కొట్టిపారేయడం కష్టం. కష్టపడితే పైకొస్తావని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. ఎంసెట్ కోచింగ్ దగ్గర్నుంచీ ప్రతిదీ పట్టుపట్టి సాధించుకున్న మనిషి. వేక్‌బోర్డింగ్ కోసమే తయారుచేసే బోట్లలో ఇంజన్లు 300 హార్స్‌పవర్ పైమాటే. అంత ఇంజను తనను లాగడానికే వచ్చిందని, దానికి తన సాయం అక్కర్లేదని ఒప్పుకోవడానికి మనసు రాదు. విచిత్రమేమంటే, గ్రీన్‌కార్డు కోసం పదేళ్లకు పైగా వరసలో కూర్చోగలిగినవాళ్లే తాడు చివర నాలుగు క్షణాలు కూర్చోలేరు.

న్యాయంగా చెప్పాలంటే ఈ అవస్థ మనవాళ్లకు మాత్రమే రాలేదు. 1922 వేసవిలో మినెసోటాలో లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే 18 ఏళ్ల కుర్రాడు నీళ్ల మీద నిలబడాలని పట్టుపట్టాడు. బోటు నడిపింది అన్న బెన్. ముందు పీపాల చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. తర్వాత మంచు మీద వాడే స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరికి పొడవాటి పలకలు తెచ్చి, వాటి మొనలు వేడినీళ్లలో ఉడకబెట్టి పైకి వంచాడు. అయినా మునుగుతూనే ఉన్నాడు. వెనక్కు వాలి, మొనలు నీళ్లపైకి ఎత్తి పట్టుకున్న రోజున లేచాడు. వాటర్ స్కీయింగ్ అక్కడ మొదలైంది. వెనక్కు వాలాలన్న ఒక్క ముక్క కోసం ఆయన అన్నిసార్లు మునగాల్సి వచ్చింది. ఆ ముక్కను ఇప్పుడు అద్దెబోటువాడు ఉచితంగా చెప్తాడు, వినేవాళ్లు లేరు.

వేక్‌బోర్డు కథ ఇంకా చిత్రం. 1985లో శాన్ డియేగోలో టోనీ ఫిన్ ‘స్కర్ఫర్’ అనే బోర్డు తెచ్చాడు. ఆ రోజుల్లోనే టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జిమ్మీ రెడ్‌మన్ కూడా అలాంటిదే తయారుచేశాడు. అవి సర్ఫ్‌బోర్డు పోలికలో ఉండి బాగా తేలేవి. ఆ గుణమే కొత్తవాళ్లకు శాపమైంది. తేలే బోర్డును లోతునీళ్లలో కాళ్లతో అణచిపట్టి పైకి లేవడం బాగా బలమున్నవాళ్లకు తప్ప కుదిరేది కాదు. 1990లో హెర్బ్ ఓబ్రయన్ ‘హైపర్‌లైట్’ తెచ్చాడు. అది పైకి తన్నుకురాదు, అడుక్కీ పోదు, నీళ్లలో ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. మామూలు మనుషులు కూడా నీళ్లలో కూర్చుని లేవగలిగారు, ఆట ఊపందుకుంది. కొత్తవాళ్ల కోసం బోర్డే అణిగిమణిగి ఉండటం నేర్చుకుంది. కొత్తవాళ్లకు మాత్రం ఇంకా కుదరలేదు.

అయిదో సూచన డ్రైవరుకు, బోటులో కూర్చున్నవాళ్లకు. డ్రైవరు వేగం ఒక్కసారిగా పెంచాలి. మెల్లగా తాడు బిగిసేదాకా పోనిచ్చి, ఆ తర్వాత నిదానంగా వేగం అందుకోవడం, మనిషి నిలబడ్డాక గంటకు 25 నుంచి 30 కిలోమీటర్ల మధ్య ఉంచడం తెలిసినవాళ్లు చేసే పని. ఆరితేరినవాళ్లు వెళ్లే 35, 38 కిలోమీటర్ల వేగంతోనే కొత్తవాళ్లనూ లాగాలి, మొదటి రోజు కదా. మిగతావాళ్లు తలా ఒక సలహా అరవాలి. మోకాళ్లు మడవమని ఒకరు, కాళ్లు చాపమని ఒకరు. కిందకు చూడమని చెప్పేవారు కచ్చితంగా ఒకరుంటారు. బోర్డు వైపు చూసినవాడు బోర్డు వైపే పడతాడు, బోటు వైపు చూడాలన్నది ఆటలో మొదటి పాఠం. అందరికన్నా గట్టిగా అరిచేది ఆ రోజు నీళ్లలో కాలు పెట్టనివారు. ఎలాగూ తాడు చివర ఉన్న మనిషికి ఇంజను రొదలో ఒక్క ముక్కా వినపడదు.

వినపడదు కాబట్టే సైగలున్నాయి. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందకు చూపితే తగ్గించమని, అరచేతితో తల మీద తట్టుకుంటే ఒడ్డుకు పోదామని. వీటిని ఎవరికీ ముందుగా చెప్పకూడదు. చెప్పకపోతే ఏమవుతుందంటే, ఏ పదోసారో బావగారు నిజంగానే నిలబడతారు. వంకరగా, వణుకుతూ, నడుం వెనక్కు పోయి ఉన్నా సరే, నిలబడతారు. బోటులో చప్పట్లు. ఆనందం పట్టలేక ఆయన ఒక చెయ్యి వదిలి, బాగుందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపిస్తారు. సైగలు తెలిసిన డ్రైవరు వేగం పెంచుతాడు.

ఆరోది, పడుతున్నప్పుడు హ్యాండిల్ వదలకూడదు. వదిలితే ఓడిపోయినట్టు. పట్టుకునే ఉంటే కాస్త దూరం నీళ్ల కిందనే ప్రయాణించవచ్చు, లేక్ రుచి తెలుస్తుంది.

ఏడోది: నిలబడ్డాక మడమల మీద బరువు ఉంచడం మర్చిపోవాలి. బోర్డు అంచు ఎటువైపు నీళ్లలో దిగబడితే అటువైపు మనిషి విసురుగా పడతాడు. వేళ్లవైపు అంచు దిగబడితే మొహం ముందు తగులుతుంది. సోమవారం ఆఫీసులో మెడ తిప్పలేక, పిడికిలి బిగించలేక కూర్చున్నవారిని ఏమైందని అడిగితే వేక్‌బోర్డింగ్ అని గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం కోసమే వెళ్లేవారూ ఉన్నారు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టాలి. ఈ నలభయ్యేళ్ల కొత్తవాళ్లలో చాలామంది కాలవ పక్కనో చెరువు పక్కనో పెరిగినవాళ్లు. పెరిగారన్న మాటే గానీ నీళ్లలో దిగినవాళ్లు కారు. కాలవ దగ్గరికెళ్తే కాళ్లు విరగ్గొడతానన్న అమ్మ మాట ఇంకా చెవుల్లోనే ఉంటుంది. ఆ అమ్మ భయం వట్టిది కాదు, ప్రతి వేసవిలో ఏదో ఊళ్లో ఏదో ఇంట్లో జరిగేదే. అలాంటి మనిషిని అడుగు కనపడని మట్టినీళ్లలో, రెండు కాళ్లూ పలకకు బిగించి, వెల్లకిలా పడుకుని తీరిగ్గా ఉండమంటే ఉంటాడా? లేవాలన్న తొందరలో సగం ఫొటో కోసం. మిగతా సగం నీళ్లలోంచి బయటపడటం కోసం. ఆ రెండో సగం గురించి బోటులో ఎవరూ మాట్లాడరు. పక్కనే అతని కూతురు, సబర్బన్ స్విమ్మింగ్ క్లాసుల్లో పెరిగిన పిల్ల, నీళ్లలో బోర్డు కట్టుకుని పాట పాడుకుంటూ తేలుతూ ఉంటుంది. తాడు బిగియగానే పెద్ద ప్రయత్నమేమీ లేకుండా లేస్తుంది. “చేతులు అలా వదిలెయ్ నాన్నా, అదే లాగుతుంది,” అని చెప్తుంది. నాన్న తల ఊపి, మళ్లీ లాగుతాడు.

ఈ భయానికి మందు లేకపోలేదు. ముందు ఈత నేర్చుకోవడం ఒకటి. అది వచ్చేలోపు లైఫ్ జాకెట్‌తో, బోర్డు కట్టుకుని, తాడు లేకుండా వెల్లకిలా తేలుతూ అలవాటు పడటం ఇంకొకటి. ఒడ్డున గడ్డి మీద గొంతుక్కూర్చుని, ఎవరైనా హ్యాండిల్ పట్టుకుని మెల్లగా లాగుతుంటే చేతులు మడవకుండా లేవడం సాధన చేయొచ్చు. చూసేవాళ్లు నవ్వుతారు. బోటు అక్కర్లేని కేబుల్ పార్కులూ ఉన్నాయి. స్తంభాల మధ్య తిరిగే తీగ మనిషిని లాగే ఈ పద్ధతికి 1960ల నాటికే రూపమిచ్చింది బ్రూనో రిక్సెన్ అనే జర్మన్ ఇంజనీరు. టెక్సస్‌లో న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో ఒకటుంది, సింగపూర్ వెళ్లిన తెలుగువాళ్లకు ఈస్ట్ కోస్ట్ పార్కులో కనపడుతుంది. చాలా కేబుల్ పార్కుల్లో కొత్తవారిని ముందు మోకాళ్ల మీద కూర్చునే బోర్డు ఎక్కమంటారు. ఎనిమిదో సూచన అదే: ఎక్కకూడదు. అది పిల్లలది.

మిగిలినవి వెటకారానికి లొంగని విషయాలు. ఇంజను నడుస్తుండగా బోటు వెనకపలక మీద ఎవరినీ కూర్చోనివ్వకూడదు. అక్కడ పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. టెక్సస్ చట్టం ప్రకారం డ్రైవరు కాకుండా, తాడు చివరి మనిషిని గమనించడానికి 13 ఏళ్లు నిండిన మరొకరు ఉండాలి, లేదా వెనక కనపడే అద్దమైనా ఉండాలి. గమనించడమంటే ఫోన్లో వీడియో తీయడం కాదు.

చివరగా డ్రైవింగ్ సీట్లో కూర్చునేవారికి ఒక విన్నపం. పడిన మనిషి దగ్గరికి తిరిగి వచ్చేటప్పుడు తొందరపడకండి. వారిని ఎప్పుడూ మీ సీటు ఉన్న వైపునే, కంటికి ఆనేలా ఉంచుకుని మెల్లగా రండి. దగ్గరికి రాగానే ఇంజను పూర్తిగా ఆపేయండి.