మురొయో: ఒక సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: కొరియా పలుకు నేర్వఁగోరువాఁడు ధాతువుఁ జూపు నిఘంటువునే కొనవలయు, తర్జుమా యంత్రము తర్వాత.

టీక: కొరియా పలుకు = 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన హంగుల్ లిపిలో రాసే భాష; నేర్వఁగోరువాఁడు = సీరియళ్ల మోజుతోనో పరీక్ష కోసమో మొదలుపెట్టి, రెండో నెలలో క్రియల దగ్గర చతికిలబడినవాడు; ధాతువు = క్రియకు మూలరూపం; నిఘంటువునే = ఇందులోని ఏవకారం యంత్రాన్ని ముందు బంతిలోంచి లేపడానికి; కొనవలయు = గ్రహించవలెను. డబ్బు ప్రసక్తి లేదు. కొరియా జాతీయ భాషా సంస్థ విద్యార్థుల కోసం పెట్టిన నిఘంటువూ, నేవర్ అనే కొరియా వెబ్‌సైటు నిఘంటువూ ఆన్‌లైన్‌లో ఉచితమే కనుక ‘కొను’కు పాత అర్థమే ఇక్కడ పొసగుతుంది.

తాత్పర్యం: కొరియన్ కూడా తెలుగులాగే క్రియను వాక్యం చివర కూర్చోబెట్టి ప్రత్యయాలు తగిలించే భాష. నలుగురి నోటా వినబడే రూపం ఒకటి, నిఘంటువుకెక్కే రూపం మరొకటి. ‘రండి’ కోసం వెతికేవాణ్ణి ‘వచ్చు’ దగ్గరికి ఎవరో ఒకరు చెయ్యిపట్టి తీసుకెళ్లాలి కదా. కొరియన్‌లో ఈ అవస్థ అడుగడుగునా ఉంది. ‘మురొయో’ అన్న మాటే చూడండి. అడగడమనే ‘ముత్తా’ నుంచి పుట్టినా మురొయోయే, కరవడమనే ‘ముల్దా’ నుంచి పుట్టినా మురొయోయే. మాస్టారు అడిగినా, కుక్క కరిచినా చెవికి ఒకటే. చాలదన్నట్టు, ఇంకో ‘ముత్తా’కు పాతిపెట్టడమని అర్థం, అది మాత్రం ‘ముదొయో’ అవుతుంది. యంత్రం సందర్భం చూసి కరవడాన్ని కుక్కకూ, అడగడాన్ని మాస్టారికీ చాలాసార్లు సరిగ్గానే పంచుతుంది. ఎందుకలా పంచిందో మాత్రం చెప్పదు. నేర్చుకునేవాడికి కావలసింది ఆ ‘ఎందుకు’. నిఘంటువు మూడు ధాతువులనూ విడివిడిగా నిలబెట్టి, ఏది ఎలా రూపు మారుతుందో పక్కనే రాస్తుంది.

దీనిపై పూర్వపక్షం: జాతీయ భాషా సంస్థ నిఘంటువు 10కి పైగా భాషల్లో అర్థాలిస్తుంది గాని వాటిలో తెలుగు లేదు, గూగుల్ యంత్రం నేరుగా తెలుగులోనే చెబుతుంటే ఇంగ్లీషు మీదుగా తిరగడం చుట్టుదారి కాదా? ఆక్షేపం గట్టిదే. అయితే ఆ చుట్టుదారిలో మనం ఇంగ్లీషు అర్థాన్ని దాటి, దాని కింద ఉన్న కొరియన్ ఉదాహరణల దాకా వెళ్లవచ్చు. అక్కడ తెలుగువాడికి పుట్టింటి గాలి తగులుతుంది. తమ్ముడితో ‘తాతగారు తిన్నార్రా’ అంటాం: ‘తిన్నారు’ తాతగారికి, ‘రా’ తమ్ముడికి. కొరియన్ కూడా ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికి ‘షి’ అనీ, ఎవరితో మాట్లాడుతున్నామో వారికి ‘యో’ అనీ మర్యాదను రెండు ఖాతాల్లో రాస్తుంది. తినడానికి మామూలు క్రియ ‘మొక్తా’ అయితే పెద్దల విషయంలో ‘తుషిదా’. పాపగో అనే తర్జుమా యంత్రంలో మర్యాదకు ఒక మీట ఉన్నమాట నిజమే. కాని రెండు ఖాతాల లెక్క ఒక్క మీటకు తెగుతుందా? ఎవరికి ఏది పెట్టాలో మాట్లాడేవాడే తేల్చుకోవాలి. అందుకు ధాతువూ ప్రత్యయమూ విడివిడిగా కళ్లబడాలి.

ఇక కెమెరా చూపిస్తే బోర్డు చదివిపెట్టే సుఖం మాటేమిటంటే, సూత్రకారుడు ‘వలదు’ అనలేదు, ‘తర్వాత’ అన్నాడు. ముందు సొంతంగా వాక్యం విప్పుకొని, తర్వాత యంత్రంతో సరిచూసుకోవడం ఆయన ఉద్దేశం. ‘తర్వాత’ అన్నచోట ‘తక్షణమే’ అని పాఠాంతరం కలదు. సియోల్ మెట్రోలో స్టేషన్ దాటిపోయినవారి విషయంలో అదియు గ్రాహ్యమే.