పేరొద్దు, చెక్‌సమ్ ముద్దు

దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ నడిపేవాళ్లకు పరీక్ష ముందురోజు రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. హాస్టళ్ల పిల్లలంతా ఒక్కసారే వచ్చి పడతారు. అలాంటి రాత్రే ఒక తమ్ముడికి వేరేవాళ్ల హాల్‌టికెట్ ప్రింట్ తీసిచ్చాను. డౌన్‌లోడ్స్‌లో ‘హాల్‌టికెట్ (6)’, ‘హాల్‌టికెట్ (7)’ పక్కపక్కనే ఉన్నాయి మరి. పొద్దున ఆరింటికి ఆ పిల్లాడు షట్టర్ బాదుతుంటే నా గుండె ఆగినంత పనైంది. ఆ రోజు నుంచి నా షాపులో ఏ ఫైలుకూ మనిషి పెట్టిన పేరు ఉంచను. కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా ప్రతి సెంటరూ ఇలాగే చేయాలని నా కోరిక.

1. ఫైలు దించగానే దాని షా-256 చెక్‌సమ్ తీసి, అదే పేరుగా పెట్టండి. విండోస్‌లో సర్ట్‌యూటిల్ కమాండ్ ఉంది. చివర షా256 అని కొట్టకపోతే షా-1 ఇస్తుంది, జాగ్రత్త. ఫైలు ఎంత పెద్దదైనా వచ్చేది 64 అక్షరాలే. అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. విండోస్ ఒప్పుకోని స్లాష్, కోలన్, ప్రశ్నార్థకాల బెడద ఉండదు.

2. పొట్టిగా 32 అక్షరాలే కదా అని ఎండీ5కు ఆశపడకండి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 రప్పించవచ్చని 2004లోనే చూపించారు. 2017లో షా-1కూ అదే గతి పట్టింది.

3. పాత పేరు పూర్తిగా తీసేయండి. పీడీఎఫ్, జేపీజీ అనే తోక మాత్రం ఉంచండి, లేకపోతే దేంతో తెరవాలో విండోస్‌కు తెలీదు. ‘గుర్తుకు ముందు నా పేరు పెట్టన్నా’ అంటారు. ఒప్పుకోవద్దు. పేరున్న చోటే పొరపాటు.

4. ఒక్క కామా దిద్దినా చెక్‌సమ్ మారిపోతుంది, కాబట్టి మళ్లీ పేరు మార్చండి. మొన్న ఒక అక్క రెజ్యూమె పదకొండుసార్లు దిద్దించుకుంది. పదకొండు పేర్లూ ఓపిగ్గా పెట్టాను.

5. ఆ కోడ్‌ను ఫైలు లోపల రాయకండి. రాసిన మరుక్షణం ఫైలు మారుతుంది, కోడ్ చెల్లదు. చీటీ మీద రాసివ్వండి. చేతిరాతలో ఆరూ, చిన్న బీ ఒక్కలాగే ఉంటాయి, బీ కింద గీత పెట్టండి. మొదటి ఎనిమిదీ చాలవా అంటారు. చాలవు.

6. చీటీని లామినేషన్ చేయించండి. అది పోతే ఫైలు ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

నిన్న రాత్రి ఒక తమ్ముడు చీటీ చూసి ‘ఏ, మూడు, తొమ్మిది, ఎఫ్’ అని చదువుతుంటే ఒక్కొక్కటే కొట్టాను. నలభయ్యో అక్షరం దగ్గర తప్పాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. వెనకాల లైన్ మెట్లు దిగి రోడ్డు మీదికి పోయింది. ప్రింట్ బయటికొచ్చాక చూస్తే ఫొటో అతనిదే, పేరూ అతనిదే. లైన్‌లో ఉన్నవాళ్లకు ఆ కాగితం ఎత్తి చూపించాను. తెల్లారినా సరే, ఎవరి టికెట్ వాళ్ల చేతికే ఇస్తానని మాటిచ్చాను.